రెండు మీసాల మధ్య ఒక నవల

మా ఆవిడ చేత పుస్తకాలు మాన్పించడానికి నేను పుస్తకం పట్టాను. ఆ ఎండాకాలం ప్రొద్దుటూరులో ఇంత తెలివైన ఆలోచన ఇంకెవరికీ వచ్చి ఉండదని అప్పట్లో నా నమ్మకం. మీరు అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు. కాస్త ఆగండి, నవ్వాల్సింది ముందుంది.

నా సంగతి మీకు తెలుసు. చెన్నకేశవులు బట్టల దుకాణం ఓనరు చెన్నకేశవులు. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో ఒక తెర. తెరకు ఇవతల అంతా నేను చెప్పినట్టే జరుగుతుంది. తెరకు అవతల ఏం జరుగుతుందో చెప్పుకోవడానికే ఇవాళ కూర్చున్నాం.

మా సుశీలమ్మకు చదివే జబ్బు ఉంది. బస్టాండు దగ్గర కమాల్ బాషా అద్దె పుస్తకాల షాపులో ఆమె చదవని నవల లేదు. మధ్యాహ్నం అంట్లు సర్ది, తెర పక్కన చాప వేసుకుని పుస్తకం తెరిచిందంటే ఇక ఆమె ఆ ఇంట్లో లేనట్టే. మంచినీళ్ళు కావాలని కేకేస్తే ఊఁ కొడుతుంది. ఆ ఊఁకు, నీళ్ళకు మధ్య ఒక అధ్యాయం గడుస్తుంది. ఎన్నోసార్లు నాకు దాహం వేసి, దానంతటదే తీరిపోయి, మళ్ళీ వేసింది.

కాఫీ సంగతి మరీ అన్యాయం. కథలో ఎవరైనా చచ్చిపోతే ఆ రోజు కాఫీలో చక్కెర ఉండదు. పెళ్ళి జరిగితే రెండింతలు పడుతుంది. ఒక గుక్క తాగి, కథ ఎంతవరకు వచ్చిందో చెప్పగలిగే స్థితికి వచ్చాను.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "ఏముందే ఆ పుస్తకాల్లో? పొద్దస్తమానం దాంట్లోనే పడుంటావు."

"చదివితే తెలుస్తాది," అంది, తల ఎత్తకుండా.

"నాకు చదవను రాక కాదు. తీరిక ల్యాక."

"ఎండాకాలం మధ్యానం దుకాణానికి ఈగలు తప్ప ఎవురొస్తారు? వాటికి పంచెలు చూపిస్తాండారా?"

ఈ మాటకు నాకు పౌరుషం వచ్చింది. "నేను అనుకున్నానంటే మిరగ వచ్చేలోపల ఒక కథ మొదట్నుంచి కడాకు చదివి పారేస్తా."

మిరగ అంటే మృగశిర కార్తె. మా వైపు దానితో ఎండాకాలం ముగిసినట్టు లెక్క.

"ఒకటి చదవండి, సాలు," అంది సుశీలమ్మ.

"చదివితే ఏమిస్తావు?"

"ఏం గావాల?"

నేను కాచుకుని ఉన్నది ఆ మాట కోసమే. "నువ్వు కమాల్ బాషా షాపుకు పోయేది మానుకోవల్ల. ఇంట్లోకి నవల రాకూడదు."

ఆమె పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. "నేను ఈ ఊరు దాటి యాడికి పోతాండా? ఏడాదికి ఒకసారి పులివెందులకు, మా అమ్మోళ్ళింటికి. తక్కిన ఊర్లన్నీ దీంట్లోనే గదా చూసొస్తాండేది," అంది. గొంతు మామూలుగానే ఉంది. నాకు మాత్రం లోపల ఎక్కడో గుచ్చుకుంది. కానీ మగవాడు పందెం వేశాక వెనక్కి తీసుకోకూడదని ఎవరో ఎప్పుడో చెప్పినట్టు గుర్తు. వాళ్ళను ఇప్పుడు పట్టుకుని తన్నాలనిపిస్తోంది.

"మీరు చదవకుంటేనో?" అని అడిగింది.

"నువ్వే చెప్పు."

"నేను చదువుకునేటప్పుడు నన్ను పిలవకూడదు. నీళ్ళకు పిలవకూడదు, సొక్కా గుండీకి పిలవకూడదు. మధ్యానం కాఫీ మీరే పెట్టి నాకు తెచ్చియ్యల్ల. బతికినన్నాళ్ళు."

సరేనన్నాను. ఎలాగూ గెలిచేది నేనే కాబట్టి ఆ 'బతికినన్నాళ్ళు' అనే మాట మీద నేను బేరం కూడా చేయలేదు. బట్టల వ్యాపారంలో ఉండి బేరం చేయకుండా ఒప్పుకున్నది జీవితంలో అదొక్కటే.

మరుసటి రోజే ఆమె కమాల్ బాషా దగ్గర నుంచి ఒక నవల తెచ్చి నా చేతిలో పెట్టింది. ముఖచిత్రం మీద ఒక ఆడమనిషి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఇది పట్టుకుని నేను గద్దె మీద కూర్చుంటే బజారంతా ఏమనుకుంటుంది? అట్ట వేద్దామని చుట్టూ చూశాను. గోడకు క్యాలెండరు కనబడింది. ఏప్రిల్ నెల అయిపోయింది, కాగితం మాత్రం దళసరిగా నిగనిగలాడుతోంది. చింపి అట్ట వేసేశాను.

నా కొంప మునిగింది అక్కడే. ఎందుకో చెప్పాలంటే ఆ కాలం సంగతి కొంచెం చెప్పాలి.

అవి ఫ్యాక్షన్ రోజులు. మా చుట్టుపక్కల ప్రతిదీ రెండుగా ఉండేది. టీ హోటళ్ళు రెండు, మంగలి షాపులు రెండు. జమ్మలమడుగు బస్సులో కుడిపక్క సీట్లు ఒకరివి, ఎడమపక్క సీట్లు ఇంకొకరివి. మధ్యలో నిలబడేవాళ్ళే మాలాంటి వ్యాపారస్తులు. గండికోట వైపు వాళ్ళది గుట్ట వర్గం, తొండూరు వైపు వాళ్ళది వంక వర్గం. పార్టీల పేర్లు, నాయకుల పేర్లు నన్ను అడగకండి, నేనింకా దుకాణం నడపాలి. పైగా ఎన్నికలు వచ్చినప్పుడల్లా వీళ్ళు ఆ పార్టీలోకి, వాళ్ళు ఈ పార్టీలోకి మారేవాళ్ళు. వర్గం మాత్రం మారేది కాదు.

గుట్ట వర్గం నాయకుడు మీసం పైకి దువ్వేవాడు. వంక వర్గం నాయకుడు కిందికి దువ్వేవాడు. ఏడాది మొదట్లో ఇద్దరూ ప్రతి నెల కాగితం మీదా తమ ఫోటోతో క్యాలెండర్లు పంచేవాళ్ళు. రెండు వైపులా పెళ్ళిళ్ళకు బట్టలు మా దగ్గరే కొంటారు కాబట్టి రెండూ తగిలించాలి. తగిలిస్తే చాలదు, ఒకే ఎత్తులో ఉండాలి. నేనైతే మేస్త్రీని పిలిపించి, మట్టపలక పెట్టించి మరీ మేకులు కొట్టించాను. అంత జాగ్రత్తపరుణ్ణి, అట్ట వేసే తొందరలో పైకి దువ్విన మీసాన్ని చింపి పుస్తకానికి చుట్టాను. కిందికి దువ్విన మీసాన్ని గోడ మీదే వదిలేశాను.

ఆ మధ్యాహ్నం ఒక పేజీ చదివాను. రెండో పేజీలో నిద్ర పట్టింది. పుస్తకం గుండెల మీద బోర్లా పడింది.

మర్నాడు పొద్దున్నే వంక వర్గం చిన్నసుబ్బయ్య వచ్చాడు. తొండూరులో శనగ పండించే మనిషి, వాళ్ళ నాయకుడికి కుడిభుజం. పంచె చూపించమనలేదు, చీర చూపించమనలేదు.

"ఏం శెట్టీ, గుట్టోళ్ళ అన్నను గుండెల మీద పండబెట్టుకుంటాండావంట."

"అది పుస్తకమప్పా."

"పుస్తకమే. పైన ఉండేదెవురు?" గోడ వైపు చూశాడు. "ఆయప్పను మే నెల్లోకి పంపించినావు. మా అన్నను ఏప్రిల్లోనే ఉంచినావు. అంటే మా అన్న ఎనకబడినాడనేనా?"

అతను అటు వెళ్ళాడో లేదో గుట్ట వర్గం రంగన్న దిగాడు. గండికోట దగ్గర మేకల మందలున్న కుటుంబం, ఇప్పుడు సేద్యం కూడా చేస్తున్నారు. మనిషి నెమ్మదస్తుడు. నెమ్మదిగా మాట్లాడితేనే ఎక్కువ భయం వేస్తుంది.

"మా అన్నను సింపినావంట గదా మామా."

"సింపలేదు రంగన్నా. నెల అయిపోయిందని..."

"మా అన్న పనే అయిపోయిందంటాండావా?"

ఒకే కాగితానికి, గుండెల మీద పెట్టుకున్నానని ఒక వర్గం, చించి పారేశానని ఇంకో వర్గం. రెండు వైపులా ఒకేసారి శత్రువు కావడానికి ఇంకొకడికి ఇరవై ఏళ్ళ రాజకీయం కావాలి. నాకు ఒక కునుకు సరిపోయింది.

తెర వెనక్కి పోయి సుశీలమ్మ దగ్గర మొత్తుకున్నాను. "పుస్తకం పట్టమన్యావు. ఇప్పుడు దుకాణమే పోయేట్టుండాది."

ఆమె వేలు పేజీలో పెట్టుకుని, ఒక్క క్షణం ఆలోచించింది. "దీనికెందుకు అంత బాధ? కింది మీసం ఆయప్పదీ ఏప్రిల్ కాగితం సింపి ఇంకో పుస్తకానికి ఎయ్యండి. సమానమైపోతాది."

"ఇంకో పుస్తకం యాడిది?"

"మీరు చదివేదానికి రెండో భాగముండాది. నేను తెచ్చే ఉంచినా."

నిజంగానే తెచ్చింది. రెండు భాగాలూ పక్కపక్కన పెట్టి గజంబద్దతో కొలిచాను. మందం కూడా సమానమే. ఒక నాయకుడి పుస్తకం లావుగా, ఇంకొకరిది సన్నగా ఉంటే మళ్ళీ అదొక పంచాయితీ అయ్యేది. అంత ముందుచూపున్న ఇల్లాలు దొరికినందుకు పొంగిపోయాను.

"మరి పందేనికి ఇదొకటి చదివితే సాలు గదా?" అని అడిగాను.

"కథ మొదట్నుంచి కడాకు అన్యారు. కడ రెండో భాగంలో ఉండాది," అని తన పుస్తకంలోకి వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి నా చదువు మొదలైంది. ఒకటో భాగానికి పైకి మీసం, రెండో భాగానికి కింది మీసం. ఒక్కదాన్నే పట్టుకుని కూర్చుంటే రెండో వర్గం చూస్తుంది కదా. అందుకని ఇందులో ఒక పేజీ, అందులో ఒక పేజీ. బట్ట అంచు ముక్కలు రెండు కత్తిరించి రెండింటిలోనూ గుర్తుగా పెట్టుకున్నాను. ఇంత సమానంగా నవల చదివినవాడు ఈ జిల్లాలో ఇంకొకడు లేడు.

కథానాయిక పేరు వసుంధర. పైకి మీసంలో రెండు జడలు వేసుకుని బడికి పోయేది. కింది మీసంలోకి వచ్చేసరికి కూతురికి పెళ్ళి చూపులు చూస్తుండేది. మళ్ళీ ఇటు తిప్పితే జామకాయ కోసం చెట్టు ఎక్కేది. ఇంజినీరు శేషాద్రి అనేవాడు ఒక పుస్తకంలో ఆమె కోసం వానలో నిలబడితే, ఇంకో పుస్తకంలో ఆమె ఆయన ఉత్తరాలు పొయ్యిలో వేస్తుండేది. నాకు తల తిరిగిపోయింది. తిరిగిన తలతోనే మర్నాడు మధ్యాహ్నం ఎప్పుడవుతుందా అని చూడడం మొదలుపెట్టాను. ఈ సంగతి సుశీలమ్మకు చెప్పలేదు. చెబితే ఇంకేమైనా ఉందా.

అవి పెళ్ళి ముహూర్తాల రోజులు. రంగన్న వాళ్ళ మనుషులతో చీరలకు వచ్చి, అట్ట మీద వాళ్ళ నాయకుణ్ణి చూసి మురిసిపోయాడు. "మా అన్న పుస్తకంలో ఏముంది మామా?" అన్నాడు. చెప్పకపోతే బాగుండదని జామచెట్టు దాకా చెప్పాను. మరుసటి రోజు చీరల పని లేకపోయినా వచ్చి కూర్చున్నాడు.

"ఇంజినీరు వానలో నిలబడుకున్న్యాడు గదా. జొరమేమన్నా వచ్చినాదా?"

ఈ ముచ్చట చిన్నసుబ్బయ్య చెవిన పడకుండా ఉంటుందా? ఆయనా వచ్చాడు. "మా అన్న పుస్తకం కథ మాకు చెప్పల్ల," అన్నాడు. ఆయనకు కింది మీసం చెప్పాను. పొద్దున గుట్ట వర్గానికి ఒకటో భాగం, సాయంత్రం వంక వర్గానికి రెండో భాగం. దుకాణంలో కూర్చోవడానికి చోటు లేదు, కొనేవాడు లేడు.

అది చాలదన్నట్టు ఇంకోటి మొదలైంది. ఇద్దరూ వచ్చీరాగానే బట్ట ముక్కలు ఎక్కడ ఉన్నాయో చూసేవాళ్ళు. "వాళ్ళది శానా దూరం పోయినట్టుందే," అని ఒకరు. "ఏ అన్నది ముందు అయిపోతాదో చూస్తాం శెట్టీ," అని ఇంకొకరు. అంటే ఏ పుస్తకం ముందు ముగిస్తే ఆ వర్గం గెలిచినట్టు. ఆ మాట విన్నాక రెండింటిలోనూ కడపటి అధ్యాయం దాకా వచ్చి ఆగిపోయాను. ఒక పేజీ ఇటు తిప్పినా ప్రమాదమే, అటు తిప్పినా ప్రమాదమే. చేతులు దురద పెడుతున్నాయి, మీసాలు రెండూ నన్నే చూస్తున్నాయి.

ఇంతలో మిరగ వచ్చేసింది.

ఆ రోజు మబ్బు పట్టి ఉంది. ఏ ఘడియలో బయల్దేరారో గాని రెండు జీపులూ ఒకేసారి దుకాణం ముందు ఆగాయి. జీపుల్లో ఏముందో నేను అడగలేదు. కుడి పక్క రంగన్న మనుషులు, ఎడమ పక్క చిన్నసుబ్బయ్య మనుషులు. మధ్యలో నేను, గజంబద్ద.

"మా ఇంజినీరు బంగారట్లా మనిషి," అన్నాడు రంగన్న, ఎవరితోనో అన్నట్టు.

"యా ఇంజినీరు? ఆ శేషాద్రేనా? పెండ్లాన్ని వదిలిపెట్టి పోయిన నా కొడుకు," అన్నాడు చిన్నసుబ్బయ్య.

"మా పుస్తకంలో మనిషిని మాటంటే బాగుండదు."

"మా పుస్తకంలో వాడు చేసింది తెలిస్తే నువ్వే అంటావు."

ఇద్దరూ లేచారు. వెనకవాళ్ళు కూడా లేచారు. పొలం గట్టు కోసం కొట్టుకోవడం విన్నాం, ఓట్ల కోసం కొట్టుకోవడం చూశాం. నవల్లో ఇంజినీరు మంచితనం కోసం నా దుకాణంలో తలలు పగిలితే నేను పోలీసులకు ఏమని చెప్పుకోవాలి? గజంబద్ద అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగాను.

అప్పుడు తెర పక్కకు జరిగింది.

"శేషాద్రి పోలేదు. పంపించినారు," అంది సుశీలమ్మ. "ఎవురు పంపించినారో ఒక పుస్తకం చదివినోళ్ళకు తెలీదు. రెండూ కడాకు చదవల్ల. కూర్చోండి."

నిలబడ్డవాళ్ళందరూ కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను.

"కథ నేను చెప్తా. దానికి ముందు మా ఇంటి పంచాయితీ ఒకటుండాది, అది తేల్చండి," అని పందెం సంగతి మొత్తం చెప్పింది. పంచాయితీ అనే మాట వినగానే ఇద్దరి ముఖాల్లోకీ పెద్దరికం వచ్చేసింది. వర్గం నడిపేవాళ్ళకు అది రోజూ చేసే పనే.

"ఏం శెట్టీ, కథ కడాకు చదివినావా?" అన్నాడు చిన్నసుబ్బయ్య.

"ఇందులో ఒక అధ్యాయం, అందులో ఒక అధ్యాయం తక్కువ. తక్కినదంతా చదివినా గదప్పా. పందెం గెలిచినట్టే లెక్క."

"జమ్మలమడుగు పొయ్యే బస్సు ఊరి ముందర ఆగిపోతే జమ్మలమడుగు చేరినట్టేనా?"

నేను ఆశగా రంగన్న వైపు చూశాను. వంకవాళ్ళు అవునన్నది గుట్టవాళ్ళు కాదనాలి కదా, అదే కదా లోకరీతి.

రంగన్న గొంతు సవరించుకున్నాడు. "సుబ్బయ్య చెప్పింది నిజమే. అక్క గెలిచినట్టే."

పాతికేళ్ళలో ఆ రెండు వర్గాలు కలిసి ఒప్పుకున్న విషయం ఒక్కటే. నేను ఓడిపోయానని.

"అయితే పోయి కాఫీ పెట్టండి. అందరికీ," అంది సుశీలమ్మ.

జీవితంలో మొదటిసారి పొయ్యి ముందు నిలబడ్డాను. డికాక్షను ఎంతో, పాలెంతో తెలియదు. చక్కెర డబ్బా అనుకుని ఉప్పు డబ్బా తెరిచి, మళ్ళీ మూశాను. తెర అవతల నుంచి ఆమె గొంతు వినిపిస్తోంది గాని మాటలు అందడం లేదు. ఒకసారి అందరూ ఘొల్లున నవ్వారు. నేను గబగబా లోటాలు పళ్ళెంలో పెట్టుకుని వచ్చేసరికి రంగన్న టవలుతో కళ్ళు ఒత్తుకుంటున్నాడు. చిన్నసుబ్బయ్య ముక్కు చీదుకుంటున్నాడు. కథ అయిపోయింది.

"ఏమైందప్పా? వసుంధర ఏమైంది?"

"శానా అన్యాయం జరిగింది మామా," అని రంగన్న కాఫీ అందుకున్నాడు.

"ఎవురికి?"

"అక్క చెప్పొద్దనింది."

చిన్నసుబ్బయ్యను బతిమాలాను. ఆయనా అదే మాట అన్నాడు. ఆ రోజు రెండు జీపులూ ఒకదాని వెనక ఒకటి వెళ్ళాయి. దారులు చీలేదాకా ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదని తర్వాత విన్నాను.

వాళ్ళు వెళ్ళాక నేను తెర దగ్గరే నిలబడ్డాను. "నిజం చెప్పు. రెండు భాగాలు కావాలనే ఇచ్చినావు."

"ఒకటే పుస్తకమైంటే మీరు చదివేసేటోళ్ళే," అంది. "మీకు కథ మీద రుచి తగిలింది, నేను చూస్తానే ఉండా. రెండింటికీ రెండు అట్టలు పడినాక ఏదో ఒకటి ముందు ముగించల్ల గదా. మీరు ముగించరు. మీతో ఇన్నేండ్లు కాపురం చేస్తాండా, ఆ మాత్రం తెలీదా?"

"నన్నేం చేయమంటావు? ఏది ముందు అయిపోయినా ఇంకొకరు ఊరుకోరు గదా."

"పుస్తకాలు రెండూ తెర ఎనక్కి తెచ్చుకొని, కడాకు చదువుకొని, బట్ట ముక్కలు మళ్ళా ఉన్న చోటనే పెట్టింటే ఎవురికి తెలుస్తాది?"

నేను తెర వైపు తిరిగి చూశాను. నెల రోజుల పైగా ఆ తెర నా వీపుకు తగులుతూనే ఉంది.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు గదా."

"మిరగ రానియ్యమని ఆగినా."

ఒక మాట మాత్రం ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఆమె కమాల్ బాషా షాపుకు పోయే మనిషిగానే మిగిలినందుకు నాకు ఓడిపోయిన బాధ కన్నా సంతోషమే ఎక్కువైంది. ఆమె చాప మీద ఊరికే గోడ చూస్తూ కూర్చుంటే ఆ మధ్యాహ్నాలు నేను చూడగలిగేవాణ్ణి కాదు. ఈ సంగతి కూడా ఆమెకు చెప్పలేదు. తెలిసే ఉంటుంది.

మర్నాడు మధ్యాహ్నం పందెం ప్రకారం వంటింట్లోకి వెళ్ళాను. పాలు పొయ్యి మీద పెట్టి, కాగేలోపల ఒక్క పేజీ చూద్దామని రెండో భాగం కడపటి అధ్యాయం తెరిచాను. వసుంధర రైలు దిగింది. ప్లాట్‌ఫారం చివర ఎవరో నిలబడి ఉన్నారు.

చాప మీద నుంచి సుశీలమ్మ పిలిచిందట. పాలు పొంగుతున్నాయని అరిచిందట. గిన్నె మాడిన వాసన బజారు దాకా వచ్చిందట. నాకేమీ వినపడలేదు. ఆ రోజు మా ఇంట్లో ఎవరమూ కాఫీ తాగలేదు.